నెలాఖరులో పడిపోయే షుగర్

ఒళ్లంతా చెమటలు, మాట ముద్దగా వస్తోంది. పక్షవాతమేమోనని భయపడి ఆటోలో తీసుకొచ్చారు. యాభై ఐదేళ్ల మనిషి, కూలి పనికి వెళ్తారు. వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 42. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకున్నారు. ‘మాత్ర వేసుకున్నారా అమ్మా’ అంటే, ‘వేసుకున్నా సారూ, ఒక్క పూట కూడా మానొద్దన్నారు కదా’ అన్నారు. ‘మరి తిన్నారా?’ అంటే మాట్లాడలేదు. ఇంట్లో బియ్యం నిండుకుని రెండు రోజులైందని కోడలు చెప్పింది. ఉన్న కాస్తా పిల్లలకు వండిపెట్టి, ఆమె టీ తాగి ఊరుకున్నారట.

కేస్ షీట్‌లో దీన్ని ‘హైపోగ్లైసీమియా’ అని రాస్తాం. బియ్యం లేవని రాయడానికి అందులో చోటుండదు.

గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ రకం మాత్రలు క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. మీరు తిన్నారో లేదో వాటికి తెలియదు. పైనుంచి వేసుకునే ఇన్సులిన్‌తోనూ అంతే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ముప్పు బాగా తక్కువ. ఇది మన దగ్గరి సంగతే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2000-2008 మధ్య ఆసుపత్రి రికార్డులు చూస్తే, పేదల్లో షుగర్ పడిపోయి చేరడం నెల మొదటి వారంకన్నా చివరి వారంలో 27 శాతం ఎక్కువ. డబ్బున్నవారిలో ఆ తేడా లేదు.

‘తిండే తక్కువైతే మామూలు రోజుల్లో షుగర్ 300 ఎందుకుంటోంది?’ అని మీరు అడగొచ్చు. చేతిలో డబ్బు తగ్గితే పళ్లెంలోంచి ముందు పోయేవి పప్పు, గుడ్డు, పాలు, కూరలు. మిగిలేది అన్నం, పచ్చడి, నీళ్ల చారు. పూట మానేసిన ఆకలితో ఒకేసారి అన్నం ఎక్కువగా తింటే షుగర్ ఎగబాకుతుంది. దానికి తోడు దిగులు. రేపు పొయ్యి మీద ఏం పెట్టాలన్న ఆలోచనతో నిద్రపట్టనప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లు పెరుగుతాయి. అవి కాలేయం నుంచి గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలిస్తాయి, బీపీనీ పెంచుతాయి. అందుకే ఒకే మనిషిలో షుగర్ ఒకరోజు 350, మరోరోజు 50 కనిపిస్తుంది. పథ్యం చేయడం లేదని వాళ్లనే కోప్పడతాం.

ఆడవాళ్ల సంగతి మరీ కష్టం. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే వాళ్ల భోజనం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనతకు కారణాలు చాలా ఉన్నా, ఖాళీ గిన్నె వాటిలో ఒకటి.

కాబట్టి ఆసుపత్రికి వచ్చినప్పుడు సిగ్గుపడకుండా ‘నెలాఖరులో తిండికి ఇబ్బందిగా ఉంటోంది’ అని చెప్పండి. పడిపోయే ముప్పు తక్కువున్న మందుకు మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు. పైన చెప్పిన రకం మాత్రలు వేసుకునేవారు, తినే వీలు లేని పూట ఆ మాత్ర వేసుకోవద్దు. ఇన్సులిన్‌ను మాత్రం మీ అంతట మీరు పూర్తిగా ఆపొద్దు, ఎంత తగ్గించాలో ముందే అడిగి ఉంచుకోండి. వణుకు, చెమట, కంగారు మొదలైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట చూసి, ఏదైనా తినండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. మాత్రల వల్ల పడిపోయిన షుగర్ కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు. తేరుకున్నా ఆసుపత్రికి రావాల్సిందే.

ఓట్స్, యాపిల్ ఉన్న డైట్ చార్టు నేనూ చాలా ఏళ్లు ఇచ్చాను. ఇప్పుడు మునగాకు పప్పు, ఉడికించిన శనగలు, గుప్పెడు వేరుశనగలు, వీలైన రోజున గుడ్డు అని చెబుతున్నాను. అంతకన్నా ముందు, ఈ నెలలో ఎన్ని పూటలు మానేశారని అడుగుతున్నాను. చాలామంది వెంటనే చెప్పరు. బీపీ చూస్తూ రెండోసారి అడిగితే చెబుతారు.