సర్వర్‌లో నిద్రపోయే కోర్లు!

క్లౌడ్ కోర్సు పూర్తిచేసి సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగానికి వెళ్తున్నారా? ఎల్‌పార్, కెపాసిటీ ఆన్ డిమాండ్ గురించి అడిగితే తడబడకండి.

ఒకే ఐబీఎం పవర్ సర్వర్‌ను భాగాలుగా విడగొట్టి ఒకదాంట్లో ఏఐఎక్స్, ఇంకోదాంట్లో లినక్స్ నడపొచ్చు. ఒక్కో భాగం ఒక ఎల్‌పార్. దానికి పూర్తి కోర్ ఇవ్వక్కర్లేదు. పవర్7 ప్లస్ నుంచి 0.05 కోర్ చాలు. అంటే ఒక్క కోర్‌పై 20 ఎల్‌పార్‌లు!

మరి కెపాసిటీ ఆన్ డిమాండ్? సర్వర్‌లో కోర్లన్నీ ముందే బిగించి ఉంటాయి, కానీ కొన్ని లాక్‌లో ఉంటాయి. లోడ్ పెరిగితే హెచ్‌ఎంసీ కన్సోల్‌లో యాక్టివేషన్ కోడ్ కొడితే అవి మేల్కొంటాయి. మెషీన్ ఆపే పనిలేదు. శాశ్వతంగా కొనొచ్చు, కొన్ని రోజులకే వాడుకోనూవచ్చు.

అసలు మెలిక ఇక్కడే. కోర్ మేల్కొన్నంత మాత్రాన ప్రతి ఎల్‌పార్‌కూ అందదు. డెడికేటెడ్ ఎల్‌పార్‌కైతే మీరే కేటాయించాలి. అన్‌క్యాప్డ్ అయితే షేర్డ్ పూల్ నుంచి తీసుకుంటుంది, అదీ దాని వర్చువల్ ప్రాసెసర్ల సంఖ్య మేరకే. పైగా కోర్ల లెక్కన లైసెన్స్ ఉండే డేటాబేస్‌లుంటే బిల్లూ పెరగొచ్చు. ఈ రెండూ వివరిస్తే మీకు పని తెలుసని అర్థమవుతుంది.

ప్రాక్టీస్‌కు పవర్ సర్వర్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో లినక్స్ కేవీఎంపై రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, సీపీయూలు పెంచి తగ్గించి చూడండి. కాన్సెప్ట్ పట్టుబడుతుంది.