పాత జీపు: కమానులు, టైర్లు



జీవితమంతయు పిల్లలకు తెలుగు వ్యాకరణము చెప్పినవాడు జీపుబండిని గూర్చి ప్రసంగింపబూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. కారణము చెప్పెదను. మా గ్రామమున పదుగురు రైతులు కలసి కొన్న పాత జీపొకటి కలదు. ఎరువులు మోయుటకు, పంటను సంతకు చేర్చుటకు, రాత్రివేళ రోగిని ఆసుపత్రికి గొనిపోవుటకు మాకదియే దిక్కు. నిరుటి వానకాలమున నొక నిండుచూలాలిని గొనిపోవుచుండగా, వాగుగట్టు ఎక్కుచోట బురదలో చక్రములు గిరగిర తిరిగినవే కాని బండి కదలలేదు. చివఱకామెను మంచముమీద మోసికొనిపోయిరి. తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారు. కాని ఆ రాత్రి మాకెవ్వరికిని మఱపునకు రాదు.

తరువాత మా యూరి యువకులు రచ్చబండకడకు వచ్చి, "మాస్టరుగారూ, జీపును ఆఱంగుళములు పైకెత్తించి పెద్ద టైర్లు వేయింతము, పెద్దలతో చెప్పి సొమ్మిప్పింపుడు" అని కోరిరి. సొమ్ము పదుగురిది, ఎక్కువారి ప్రాణములు అందఱివి. కావున పెద్దలు ముందుగా విచారింపుమని నాకు చెప్పిరి. చిరకాలముగా జీపులు బాగుచేయుచున్న యొక మెకానిక్కుకడ రెండు దినములు కూర్చుండి తెలిసికొన్న సంగతులను, పిదప చదివి సరిచూచుకొన్నవానిని నేడు మీకు విన్నవించెదను.

జీపు రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 ప్రాంతమున, అమెరికా సైన్యము కొఱకు పుట్టిన బండి. మన దేశమున మహీంద్రావారు విల్లీస్ జీపులను కూర్చుట కారంభించిరి. అవసరమైనపుడు నాలుగు చక్రములకును ఇంజను బలము నందించుట దీని విశేషము. ఆ తరగతి పాత జీపులకు ముందును వెనుకను గూడ కమానుకట్టలే యుండును.

మన కొయ్యబండిలో చట్రము ఇరుసుమీద నేరుగా కూర్చుండును. చక్రము ఱాయి నెక్కినచో ఆ దెబ్బ తోలువాని వెన్నునకే తగులును. జీపులో ఇరుసునకు చట్రమునకు నడుమ కమానుకట్ట యున్నది. పొడవు తగ్గుచు పోవు ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టినదే కమానుకట్ట. చక్రము ఎత్తెక్కినపుడది వంగి దెబ్బను తనయందు నిలుపుకొనును. అయితే వంగిన ఉక్కు ఊరకుండదు, తిరిగి తన్నును. ఆ యూగులాట నణచుటకే షాక్ అబ్జర్బరు. దానిలోపలి నూనె సన్నని రంధ్రములగుండ పోవుచు ఊపును వేడిగా మార్చి హరించును. కమాను బరువు మోయును. షాక్ అబ్జర్బరు ఊపు నణచును. ఈ రెండు పనులను వేఱువేఱుగా నెఱిగినవానికి వ్యర్థమైన ఖర్చు చాలవఱకు తప్పును.

ఈ యేర్పాటు సుఖము కొఱకే యనుకొనరాదు. చక్రము నేలను విడువకుండ జూచుట దీని ముఖ్యధర్మము. గాలిలోనున్న చక్రము బండిని లాగజాలదు, త్రిప్పజాలదు, ఆపజాలదు. కనుకనే మిక్కిలి గట్టి కమానులు మేలను మాట సగమే సత్యము. నిత్యము పదిబస్తాలు మోయు బండికి గట్టి కమాను తగును. ఇద్దఱు ముగ్గురు కూర్చుండి పోవు బండికి దానిని వేసినచో, వంగవలసినచోట వంగక చక్రము నేలపైనుండి ఎగిరిపడును.

కాబట్టి క్రొత్తవి కొనుటకు ముందు ఉన్నవానిని పరీక్షింపవలెను. బండిని సమతలమున నిలిపి, నాలుగు మూలల యందును ఇరుసునుండి చట్రము వఱకు ఎత్తు కొలువుడు. ఒక ప్రక్క తగ్గియుండిన ఆ కమాను కూలబడినదని గ్రహింపవచ్చును. పట్టీలలో విఱుగుడు గాని పగులు గాని యున్నదేమో చూడుడు. కమాను చివఱలందలి బుష్షులు అరిగినచో బండి నిలుకడగా పోదు. కమానును ఇరుసునకు బిగించు యూ బోల్టులు వదులైనచో ఇరుసే ప్రక్కకు జరుగును. వానిని క్రొత్తగా బిగించినపుడు కొంతదూరము నడిపి మరల బిగింపవలెను. షాక్ అబ్జర్బరు వెలుపల నూనె కాఱిన జాడ యున్నచో దానిపని ముగిసినదని యెఱుగుడు.

ఇక పైకెత్తుట. కమాను చివఱను చట్రమునకు తగిలించు కొలికిని పొడిగించి బండిని లేపుట చవుకైన యుపాయము. కాని ఒక చివఱ రెండంగుళములు దిగిన, నడుమనున్న ఇరుసుచోట ఇంచుమించు ఒక యంగుళమే లాభము. పైగా ఇరుసు వాలు మాఱును. ముందుచక్రములయందీ మార్పు కలిగిన, బండి తిన్నగా పోక అటునిటు తిరుగాడును. మిక్కిలిగా లేపినచో ఇంజను బలమును ఇరుసునకు చేర్చు కడ్డీ వంకర కోణమున తిరిగి, దాని కీళ్లు త్వరగా అరుగును. బ్రేకు గొట్టములు చాలక బిగిసికొనును. వీనికంటె పెద్ద కీడు మఱియొకటి. గడ్డి ఎత్తుగా వేసిన బండి గాడిలో ఒక చక్రము దిగినంతనే ఒరుగుట మీరందఱు చూచినదే. బరువు ఎత్తునకు పోయిన కొలది బోల్తాపడు భయము హెచ్చును. జీపునకును ధర్మమదియే.

మఱియొక రహస్యము. కమానులు లేపినంతమాత్రమున చట్రమే పైకి పోవును గాని ఇరుసు ఎత్తు మాఱదు. ఇరుసు నడుమనున్న ఇనుపగుండే కదా తఱచుగా ఱాళ్లకు తగులునది. దానిని లేపగలది టైరొక్కటే. ఆ లెక్కయు చూతము. బండ్లకు సాధారణముగా వేయు ఒకరకపు టైరుమీద 215/75 ఆర్ 15 అని యుండును. 215 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి డెబ్బదియైదు పాళ్లు. ఆర్ అనునది రేడియల్ జాతిని దెలుపును. 15 లోపలి చక్రపు వ్యాసము, అంగుళములలో. లెక్కించిన మొత్తము వ్యాసము సుమారు 703 మిల్లీమీటర్లు. దానికి బదులు 235/75 ఆర్ 15 వేసిన సుమారు 733. వ్యాసము 30 మిల్లీమీటర్లు పెరిగినను, ఇరుసు లేచునది అందులో సగము, 15 మిల్లీమీటర్లే, అనగా అంగుళమునకు ముప్పాతికకంటె తక్కువ. ఇంతలోనే వేగము చూపు ముల్లు అబద్ధమాడ నారంభించును; 60 చూపునపుడు బండి నిజముగా 62కు మించి పోవును. ఇంజనుకు లాగుట బరువగును, ఆపుటకు బ్రేకులు మఱింత శ్రమపడును. చక్రము త్రిప్పునపుడు మడ్గార్డునకు ఒరయవచ్చును.

టైరు పరిమాణముకంటె దాని స్థితి ముఖ్యము. బురదలో పట్టునిచ్చునవి లోతైన గాళ్లు. ఆ గాళ్లలో చిన్న అడ్డగట్లుండును. వాని యెత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు ఆ గట్లతో సమముగా అరిగినచో దానిని తీసివేయవలెను. ప్రక్కగోడమీది నాలుగంకెలు పుట్టినతేదీ: 2319 అనగా 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారము. గాళ్లున్నను పదియేండ్లు దాటిన రబ్బరును నమ్మరాదు. జీపునకు నాలుగు టైర్లును ఒకే కొలతవి, ఒకే జాతివి కావలెను. ముందువి చిన్నవి, వెనుకవి పెద్దవి యైనచో, నాలుగు చక్రముల బలము వేసినపుడు అవి యొకదానితో నొకటి పెనగులాడి పండ్లచక్రములను పాడుచేయును. ఆ బలమును సైతము జాఱునేలమీదనే వాడవలెను. గట్టి తారురోడ్డుమీద తీసివేయవలెను. ఇసుకలోను బురదలోను గాలి కొంత తగ్గించిన టైరు పఱచుకొని పట్టు హెచ్చును. గట్టిబాట చేరగానే మరల నింపవలెను.

చట్టమును మఱవరాదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమందలి వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. ప్రమాదము జరిగిననాడు బీమావారును ఈ సంగతి నడుగుదురు.

ఇంతయు యువకులతో కూర్చుండి చెప్పి, వారిచేతనే మా జీపును పరీక్షింపజేసితిని. అడుగుభాగమున ఎచ్చటను ఱాయి గీచిన గుర్తులేదు. అనగా ఆ రాత్రి బండిని నిలిపినది ఎత్తు తక్కువ యగుట కాదు. నాలుగు టైర్లును నున్ననై యుండెను. ఎడమవైపు వెనుకకమానులో రెండుపట్టీలు విఱిగియుండెను. విఱిగినపట్టీలను మార్చి, బుష్షులు, షాక్ అబ్జర్బర్లు క్రొత్తవి వేయించి, పూర్వపు కొలతలోనే లోతైన గాళ్లుగల టైర్లు నాలుగు కొంటిమి. మిగిలిన సొమ్ముతో వాగుగట్టుచోట కంకర పోయించితిమి. ఈ యేడు తొలకరి బురదలో నిండుబరువుతో జీపు ఆ గట్టెక్కినది. నడిపినవాడు, పైకెత్తవలెనని నాతో వాదించిన పిల్లవాడే.

ఒక్కమాట చెప్పి ముగించెదను. ఎట్టి టైర్లు వేసినను, ఎంత పైకెత్తినను, వాగు పొంగి పారుచున్నపుడు దిగరాదు. రెండడుగుల లోతున వడిగా పారు నీరు జీపువంటి బండిని సైతము కొట్టుకొని పోగలదు. అట్టివేళ గట్టున నిలిచి నీరు తీయువఱకు వేచియుండుటయో, చుట్టుదారిని పోవుటయో కర్తవ్యము. పిల్లలకు బండి తాళమిచ్చునపుడు పెద్దలు ఈ మాటయు చెప్పి ఇయ్యవలెనని నా మనవి.

సెలవు.