క్లౌడ్ డేటాబేసుల వ్యయం: ద్వారకా తిరుమల, కొల్లేరు నమూనాలతో తులనాత్మక పరిశీలన

డేటాబేసును క్లౌడ్‌లో ఉంచదలచినవారు సాధారణంగా అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ సంస్థల గంట ధరలను ఒక పట్టికలో పక్కపక్కన వేసి, తక్కువ అంకె ఉన్నదానిని ఎంచుకుంటారు. ఆ పట్టిక సర్వర్‌ను కొలుస్తుందే గాని దానిపై పడే పనిని కొలవదు. పని స్వభావం మారితే సంస్థల వరుసక్రమమే తారుమారు కావచ్చు. ఏలూరు జిల్లా పరిస్థితుల ఆధారంగా కల్పించిన రెండు నమూనాలతో దీనిని వివరించవచ్చు.

చిన్న తిరుపతిగా ప్రసిద్ధమైన ద్వారకా తిరుమలలో స్వయంభూమూర్తికి, తరువాత ప్రతిష్ఠితమైన మూర్తికి వేర్వేరుగా వైశాఖ, ఆశ్వయుజ మాసాలలో ఏటా రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. అటువంటి క్షేత్రానికి గదులు, సేవల టికెట్ల డేటాబేసును రూపొందిస్తున్నామనుకుందాం (దేవస్థానపు వాస్తవ వ్యవస్థను గురించి చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు). రద్దీ 16 రోజులనుకుంటే 384 గంటలు. ఏడాదిలోని 8,760 గంటలలో అది 4.4 శాతం. మామూలు రోజులకు చాలిన సర్వర్‌కు గంటకు 1 యూనిట్, రద్దీకి తగిన సర్వర్‌కు 8 యూనిట్లు అయితే, పెద్దదానిని ఏడాదంతా నడపడానికి 70,080 యూనిట్లు పడుతుంది. ఆ 16 రోజులకే పెంచి, పిదప తగ్గిస్తే 11,448 యూనిట్లు. అంటే ఆరో వంతు కూడా కాదు. సంస్థల మధ్య గంట ధరలో ఉండే 10 శాతం తేడా దీని ముందు లెక్కలోనిది కాదు. పరిమాణం మార్చేటప్పుడు సేవకు ఎంతసేపు అంతరాయం కలుగుతుందన్నదే అసలు ప్రశ్న. అమెజాన్ ఆర్.డి.ఎస్.లో సర్వర్‌ను తగ్గించవచ్చు గాని, ఒకసారి పెంచిన నిల్వను నేరుగా తగ్గించడం కుదరదు.

రెండవది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు ఈ సరస్సులో చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. 20 చోట్ల నీటిమట్టాన్ని 15 నిమిషాలకొకసారి నమోదు చేస్తే ఏడాదికి 7,00,800 వరుసలు; వరుసకు 100 బైట్లనుకున్నా సుమారు 70 మెగాబైట్లు మాత్రమే. ఇంత చిన్న దత్తాంశానికి నిల్వ ధరను పోల్చి ప్రయోజనం లేదు. సర్వర్ మేల్కొని ఉన్న సమయానికే డబ్బు పోతుంది.

2024 నవంబరు నుండి అమెజాన్ ఆరోరా సర్వర్‌లెస్ పని లేనప్పుడు సున్నాకు దిగగలదు. అందుకు కనీసం 5 నిమిషాల విరామం కావాలి. ప్రతి 15 నిమిషాలకూ ఒక నమోదు వస్తే అది రోజుకు 96 సార్లు లేచి, కనీసం 8 గంటలు మేల్కొని ఉంటుంది. అజూర్ ఎస్.క్యు.ఎల్. సర్వర్‌లెస్‌లో విరామాన్ని గంటగా పెడితే అసలు నిద్రపోదు. అవే నమోదులను రోజుకొకసారి మూటగా పంపితే రెండింటిలోనూ బిల్లు బాగా తగ్గుతుంది. అయితే వరద హెచ్చరికకు ఈ పద్ధతి పనికిరాదు, పరిశోధనకు చాలు. నిజానికి ఒక్క పరిశోధకుడే వాడే దత్తాంశానికి మామూలు ఎస్.క్యు.ఎల్.లైట్ ఫైలు సరిపోతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నిధులు మూడేళ్లకే మంజూరయ్యే ప్రాజెక్టులు మరొక వ్యయాన్ని గమనించాలి. మై ఎస్.క్యు.ఎల్. 5.7కు దాని రూపకర్తల మద్దతు 2023 అక్టోబరుతో ముగిసింది. 2024 మార్చి 1 నుండి ఆర్.డి.ఎస్.లో దానిని కొనసాగించినవారికి పొడిగింపు మద్దతు రుసుము పడుతోంది. అమెరికా వర్జీనియా కేంద్రంలో మొదటి రెండేళ్లకు ఒక్కో వి.సి.పి.యు.కు గంటకు 0.10 డాలర్లు. రెండు వి.సి.పి.యు.ల టి3 మైక్రో సర్వర్ అద్దె నెలకు 12 డాలర్ల చిల్లర. దానిపై ఈ రుసుము నెలకు 146 డాలర్లు! ఏ గంట ధరల పట్టికలోనూ ఇది కనబడదు.

దత్తాంశాన్ని బయటికి తెచ్చుకోవడానికీ ఖర్చుంది. అమెజాన్ ముంబయి కేంద్రంలో నెలకు మొదటి 100 గిగాబైట్లు ఉచితం, ఆపైన గిగాబైటుకు సుమారు 0.11 డాలర్లు. నీటిమట్టాల అంకెలకు ఇది వర్తించదు గాని, ఆటపాక పక్షుల ఛాయాచిత్రాలు 2 టెరాబైట్లు ఉంటే 200 డాలర్లు దాటుతుంది. సంస్థను పూర్తిగా వీడిపోయేవారికి ఈ రుసుమును మినహాయిస్తామని 2024లో మూడు సంస్థలూ ప్రకటించాయి. ముందుగా దరఖాస్తు చేసుకోవాలి.

ప్రాజెక్టు ముగిశాక సర్వర్‌ను ఆపివేయడం చాలదు. ఆపిన ఆర్.డి.ఎస్. సర్వర్ 7 రోజులకు తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. ఆగి ఉన్న రోజులలోనూ నిల్వకు రుసుము పడుతూనే ఉంటుంది. కనుక దత్తాంశపు ప్రతిని వేరుగా భద్రపరచి సర్వర్‌ను తొలగించే తేదీని, ఆ బాధ్యత ఎవరిదన్న విషయాన్ని నిధుల ప్రతిపాదనలోనే రాసుకోవాలి.