రాడ్ ఊపడం కాదు.. ఆపడమే అసలు ట్రిక్! ఫ్లై ఫిషింగ్‌లో లైన్ గాల్లో అలా ఎలా పరుగెడుతుందో తెలుసా?

నడుం లోతు నీళ్లలో నిలబడి ఓ మనిషి గాలం కర్రను ముందుకీ వెనక్కీ ఊపుతుంటాడు. తల మీదుగా పొడవాటి లైన్ గాల్లో మెలికలు తిరుగుతూ వెళ్లి, చివరికి చప్పుడు లేకుండా నీటి మీద వాలుతుంది. రీల్స్‌లో ఈ సీన్ చాలామంది చూసే ఉంటారు. 1992లో బ్రాడ్ పిట్ నటించిన ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’ సినిమాతో ఇది ప్రపంచమంతా పాపులర్ అయింది. అమెరికాలోని మోంటానా నదుల మధ్య నడిచే కథ అది. ఆ సినిమాటోగ్రఫీకి ఆస్కార్ కూడా వచ్చింది.

చూడ్డానికి స్టైల్ కోసం ఊపుతున్నట్టే ఉంటుంది. కానీ అలా ఊపకపోతే ఎర పట్టుమని పది అడుగులు కూడా వెళ్లదు. ఎందుకో చూద్దాం.

ఎరకి బరువే లేదు మరి..

మామూలు గాలానికి ఎరతో పాటు సీసం గుండు కడతారు. రాయి విసిరినట్టు విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో సీన్ రివర్స్. ఇక్కడ ఎర అంటే ముల్లుకి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి చేసిన చిన్న పురుగు బొమ్మ. ట్రౌట్ చేపలు నీటి మీద వాలే పురుగుల్ని తింటాయి కాబట్టి వాటిని అలా బురిడీ కొట్టిస్తారు. దాని బరువు ఒక గ్రాము కూడా ఉండదు. దూదిపింజను ఎంత గట్టిగా విసిరినా ముందే పడుతుంది కదా.. ఇదీ అంతే.

అందుకే ఇక్కడ విసిరేది ఎరని కాదు, లైన్‌ని. ట్రౌట్ కోసం ఎక్కువగా వాడే 5 నంబర్ లైన్‌లో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. అదంతా ఒకచోట ముద్దగా ఉంటే ఈజీగా విసరొచ్చు. కానీ 30 అడుగుల పొడవునా పరుచుకుని ఉన్నదాన్ని విసరడం ఎలా? లూప్ కథ ఇక్కడే మొదలవుతుంది.

సడెన్ బ్రేక్ వేసిన బస్సులా..

రాడ్‌ని మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ ముందుకు తెస్తారు. వెనక తిన్నగా చాచుకుని ఉన్న లైన్ కూడా దాంతో పాటే వేగం అందుకుంటుంది. ఆ తర్వాత రాడ్‌ని టక్కున ఆపేస్తారు. బస్సు సడెన్ బ్రేక్ వేస్తే మనం ముందుకు తూలతాం కదా.. లైన్‌కి జరిగేదీ అదే. రాడ్ కొస ఆగిపోయింది, లైన్ మాత్రం ఆగదు. కొసను దాటి ముందుకు దూసుకెళ్తుంది. అప్పుడు గాల్లో హెయిర్‌పిన్ లాంటి వంపు ఏర్పడుతుంది. అదే లూప్.

ఇందులో కింది పాయ రాడ్‌కి అతుక్కుని దాదాపు కదలకుండా ఉంటుంది. పరుగెత్తేది పై పాయ మాత్రమే. లూప్ ముందుకు వెళ్లేకొద్దీ పై పాయ పొట్టిదవుతుంది, అంటే కదిలే బరువు తగ్గుతుంది. కానీ దానిలో ఉన్న శక్తి ఎక్కడికి పోతుంది? మిగిలిన కాస్త లైన్‌లోకే చేరుతుంది. గాలి అడ్డు లేదనుకుంటే, కదిలే భాగం సగానికి తగ్గేసరికి వేగం 1.4 రెట్లు, పావు వంతు మిగిలేసరికి 2 రెట్లు అవుతుంది.

కొరడా చప్పుడు వెనక ఉన్నదీ ఇదే లెక్క. కొరడా అనగానే మనోళ్లకు బోనాల్లో పోతురాజు గుర్తొస్తాడు. ఆ ఠాప్‌మనే శబ్దం కొరడా దేనికో తగలడం వల్ల వస్తుందనుకుంటారు చాలామంది. కాదు. కొరడా మీదుగా పరుగెత్తే లూప్ వేగం పెంచుకుంటూ పోయి ధ్వని వేగాన్ని అందుకోవడం వల్లే చప్పుడు వస్తుందని అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీకి చెందిన అలైన్ గోరియెలీ, టైలర్ మెక్‌మిలెన్ 2002లో లెక్కలతో చూపించారు. అంటే అదో బుల్లి సోనిక్ బూమ్!

ఫ్లై లైన్ విషయంలో మాత్రం ఆ చప్పుడు వినిపించిందంటే కొంప మునిగినట్టే. వెనక్కి వెళ్లిన లైన్ పూర్తిగా చాచుకోకముందే రాడ్‌ని ముందుకు లాగేస్తే చివర కొరడాలా ఝళిపిస్తుంది, ఎర తెగి ఎగిరిపోతుంది. కొత్తవాళ్లు అది తెలియక ఎర లేని గాలాన్నే చాలాసేపు విసురుతుంటారు పాపం. అందుకే వెనక ఆగడం ముఖ్యం. లైన్ ఎంత పొడవుంటే అంతసేపు ఆగాలి. సినిమాలో తండ్రి తన పిల్లలకు సంగీతం వాళ్ల మెట్రోనోమ్ పెట్టి మరీ నేర్పించేది ఈ టైమింగే.

పేరు గాలిది.. తప్పు చేతిది

లూప్ సన్నగా వస్తుందా, వెడల్పుగా వస్తుందా అనేది రాడ్ కొస నడిచిన దారి చెబుతుంది. కొస తిన్నగా వెళ్తే లూప్ సన్నగా ఉంటుంది, గాలిని చీల్చుకుపోతుంది. కారు వైపర్‌లా గుండ్రంగా తిప్పితే లూప్ వెడల్పవుతుంది. గాలికి అడ్డం ఎక్కువై సగం దూరంలోనే కుప్పకూలుతుంది.

మరి చేయి తిరిగేది గుండ్రంగా కదా, కొస తిన్నగా ఎలా వెళ్తుంది? రాడ్ వంగడం వల్లే. వేగం పెరిగేకొద్దీ రాడ్ ఎక్కువ వంగి పొట్టిదవుతుంది, దాంతో కొస పైకి లేవకుండా తిన్నగా నడుస్తుంది. చాలామంది రాడ్‌ని స్ప్రింగ్ అనుకుంటారు కానీ, అది ఎక్కువగా చేసేది పొడవాటి మీట పని.

మొదట్లోనే బలంగా కుదిపితే ఇంకో తంటా. రాడ్ ఒక్కసారిగా వంగి కొస కిందికి దిగుతుంది, మళ్లీ లేస్తుంది. అప్పుడు పై పాయ కింది పాయని దాటి కిందికి వచ్చి చిక్కుపడుతుంది. చివరి సన్న దారంలో ముడి పడుతుంది. దీన్ని ‘విండ్ నాట్’ అంటారు, అంటే గాలి ముడి. గాలికి అసలు సంబంధమే లేదు! చూసుకోకుండా అలాగే విసిరితే, పెద్ద చేప పడ్డప్పుడు దారం సరిగ్గా ఆ ముడి దగ్గరే తెగుతుంది.

అలాగని సన్నని లూపే ఎప్పుడూ కరెక్ట్ అనుకోవద్దు. బరువైన ఎరలు కట్టినప్పుడు చిక్కుపడకుండా కావాలనే వెడల్పు లూప్ వేస్తారు.

మన దేశంలో కశ్మీర్, హిమాచల్ ట్రౌట్ నదుల్లో పర్మిట్ తీసుకుని ఫ్లై ఫిషింగ్ చేయొచ్చు. నేర్చుకోవడానికి మాత్రం నది అక్కర్లేదు. ఖాళీ గ్రౌండ్‌లో, ముల్లు తీసేసి దారం చివర చిన్న ఊలు ముక్క కట్టి ప్రాక్టీస్ చేస్తారు. కళ్లద్దాలు తప్పనిసరి. వెనక ఎవరూ లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే లైన్ ముందుకు ఎంత వెళ్తుందో వెనక్కీ అంతే వెళ్తుంది.