రమ్ ధాతువు: ఆగడం, ఆనందించడం ఒకే మాట ఎలా అయ్యాయి?

మన భీమవరం గునుపూడిలో ఉన్నది సోమారామం. క్లాసుల మధ్యలో ఇచ్చేది విరామం. ఏ టెన్షనూ లేకపోతే ఆరామ్‌గా ఉన్నాం అంటాం. అరకు వెళ్తే రమణీయంగా ఉంది అంటాం. ఈ నాలుగు మాటల్లోనూ ఉన్న ధాతువు ఒక్కటే: రమ్.

ధాతువు అంటే సంస్కృతంలో క్రియకి మూలం. ముందు ఉపసర్గ, వెనక ప్రత్యయం తగిలిస్తే కొత్త మాటలు పుడతాయి. కోడింగ్ చేసేవాళ్లకి బేస్ క్లాస్ అంటే ఈజీగా అర్థమవుతుంది. పాణిని సంప్రదాయపు ధాతుపాఠంలో ఇలాంటివి దాదాపు 2000 ఉన్నాయి. అందులో రమ్‌కి ఇచ్చిన అర్థం క్రీడ, అంటే ఆడుకోవడం, ఆనందించడం. రమ్యం, రమణుడు, మనోరమ, అభిరాముడు అన్నీ దీన్నుంచే. అందరినీ రమింపజేసేవాడు రాముడు అని సంప్రదాయం చెప్పే అర్థం కూడా ఇదే.

మరి ఆనందం అయితే, పదవీ విరమణ, కాల్పుల విరమణ అన్నప్పుడు ఆగడం అనే అర్థం ఎక్కణ్ణించి వచ్చింది? 'వి' చేరి అర్థాన్ని తిప్పేసింది అనుకోవచ్చు. 'వి' చేరితే రూపం మారే మాట నిజమే. మామూలుగా 'రమతే' అనే క్రియ, వి, ఆ, పరి అనే ఉపసర్గలు వస్తే 'విరమతి' లాగా మారుతుందని పాణిని ప్రత్యేకంగా సూత్రమే రాశాడు. కానీ ఆగడం అనే అర్థం 'వి' తెచ్చింది కాదు. అది ముందే ఉంది.

ఋగ్వేదం 3వ మండలం 33వ సూక్తంలో విశ్వామిత్రుడు రెండు నదుల్ని, ఇప్పటి బియాస్, సట్లెజ్‌లని, నా మాట కోసం కాసేపు ఆగండి అని అడుగుతాడు. అక్కడ వాడిన క్రియ రమ్. అక్కడ 'వి' లేదు, అర్థం మాత్రం ఆగడమే. సంస్కృతానికి దూరపు చుట్టమైన లిథువేనియన్ భాషలో 'రముస్' అంటే ప్రశాంతమైన అని. పర్షియన్‌లో 'ఆరామ్' అంటే నెమ్మది, విశ్రాంతి. అంటే పాత అర్థం ఆగడం, కుదుటపడటం. ఆనందం తర్వాత వచ్చింది. ఆగితే స్థిమితం, స్థిమితం ఉంటే ఆనందం. వరస అదన్నమాట.

ఇక్కడ ఒక గొడవ కూడా తేల్చేద్దాం. "ఆరామ్ ఉర్దూ మాట, ఆరామం మన మాట" అని కొందరు గీత గీస్తారు. ఆరామ్ మనకి ఉర్దూ ద్వారా పర్షియన్ నుంచి వచ్చిన మాట నిజమే. కానీ పర్షియన్, సంస్కృతం ఒకే కుటుంబం. రెండు మాటల వెనకా ఉన్నది ఒకే మూలం. హైదరాబాద్‌లో ఆరామ్‌సే అనేవాడూ, మనూళ్లో సోమారామం అనేవాడూ పలికేది ఒకే ధాతువుని.

సంస్కృతంలో ఆరామం అంటే తోట, ఆగి సేదతీరే చోటు. బౌద్ధులు భిక్షువులు ఉండే చోటుని సంఘారామం అన్నారు. మన పంచారామాలు ఐదు: అమరావతి, ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం. అమరావతిలో పెద్ద బౌద్ధ స్తూపం ఉండేది. అందుకే 'ఆరామం' అనే పేరులో బౌద్ధుల జాడ ఉందని కొందరు చరిత్రకారులు అంటారు.

ఇంకో రూపం చూడండి. గమ్ నుంచి గత, నమ్ నుంచి నత వచ్చినట్టే రమ్ నుంచి రత వస్తుంది. దానికి 'ని' చేరిస్తే నిరత, అంటే ఒక పనిలో పూర్తిగా కుదురుకున్న అని. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారిని నిరతాన్నదాత అనేది ఇందుకే. ఆగడం, ఆనందం రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

చివరిగా, మీ ఫోన్ కీబోర్డ్‌లో పొల్లు ఉంటుంది కదా, 'న్' మీద పెట్టేది. యూనికోడ్‌లో దాని పేరు విరామ, కోడ్ 0సి4డి. అచ్చు అక్కడ ఆగిపోతుంది కాబట్టి ఆ పేరు. అంటే తెలుగులో 'రమ్' అని టైప్ చేయాలన్నా, రమ్ నుంచి పుట్టిన ఆ విరామ లేకుండా కుదరదు.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో ధాతువుతో కలుద్దాం.