కంట నీరు కారితే ముక్కులోంచి ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు ఎడమకంటి వెంట ఎప్పుడూ నీరు కారుతోంది. కన్నీటి గొట్టం మూసుకుపోయిందని, ముక్కులోంచి ఎండోస్కోపుతో ఆపరేషన్ చేస్తామని డాక్టరుగారు అన్నారు. జబ్బు కంటికైతే ముక్కుతో ఏం పని?

జవాబు: న్యాయమైన సందేహమే. ఏడ్చినప్పుడు ముక్కు కూడా కారుతుంది కదా? కంట్లో చుక్కల మందు వేసుకుంటే కాసేపటికి గొంతులో చేదు తగులుతుంది. కంటి నుంచి ముక్కులోకి దారి ఉండబట్టే ఇలా జరుగుతుంది.

అద్దం ముందు నిలబడి కింది రెప్పను కాస్త లాగి చూడండి. ముక్కు వైపు కొసన, రెప్ప అంచు మీద సూదిమొనంత రంధ్రం కనిపిస్తుంది. పైరెప్పకూ అలాంటిదే ఉంటుంది. రెప్ప వేసినప్పుడల్లా కన్నీరు వీటిలోంచి ముక్కు పక్కనున్న కన్నీటి సంచిలోకి చేరుతుంది. అక్కణ్ణించి ఎముక నడుమ దిగే గొట్టం గుండా ముక్కులోకి జారుతుంది.

పెద్దవాళ్లలో, ముఖ్యంగా నడివయసు దాటిన ఆడవాళ్లలో, తరచూ పూడేది ఈ గొట్టమే. సంచిలో నీరు నిలిచిపోతే సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది. కంటి మూల నొక్కితే అది పైకి ఉబికి వస్తుంది. శుక్లాల ఆపరేషన్ సమయంలో ఆ చీము కంటిలోపలికి చేరితే కన్నే పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ ఆపరేషన్‌కు ముందు రెప్ప రంధ్రంలోకి సిరంజితో నీళ్లు పంపి చూస్తారు. గొంతులోకి దిగితే దారి బాగున్నట్టు, వెనక్కి చిమ్మితే మూసుకున్నట్టు.

మరి గొట్టాన్నే తెరవకూడదా? పసిపిల్లల్లో గొట్టం చివర పల్చని పొరే అడ్డు. చాలామందికి మూల దగ్గర మర్దనా చేస్తుంటే ఏడాదిలోపే విడిపోతుంది. పెద్దల్లో గొట్టమే వాచి కుంచించుకుపోతుంది, తెరిచినా మళ్లీ పూడుతుంది. అందుకే సంచి నుంచి నేరుగా ముక్కులోకి కొత్త దారి చేస్తారు. దీన్నే డీసీఆర్ అంటారు. 1904లో ఇటలీ వైద్యుడు టోటి ముక్కు పక్కన చర్మం కోసి ఈ పని చేసే పద్ధతిని వివరించాడు. ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

అయితే సంచికి ఆవలి పక్కన ఉన్నది ముక్కు గోడే, కాబట్టి చర్మం కోయకుండా ముక్కులోంచే దాన్ని చేరవచ్చు. సుమారు 4 మిల్లీమీటర్ల లావున్న ఎండోస్కోపు ముక్కులోపలికి వెలుగు పంపి, లోపలి దృశ్యాన్ని తెరమీద పెద్దదిగా చూపిస్తుంది. సర్జన్ దాన్ని చూస్తూ ముక్కు లోపలి పొరను తప్పించి, కొంచెం ఎముక తీసి, సంచిని ముక్కులోకి తెరుస్తారు. ముఖం మీద మచ్చ పడదు. కన్నీటిని లోపలికి నెట్టే రెప్ప కండరాన్ని కోయనక్కర్లేదు. ముక్కు దూలం వంకరగా ఉండి అడ్డొస్తే అప్పుడే సరిచేయవచ్చు.

గాయం మానేటప్పుడు కొత్త దారి పూడకుండా చూసుకోవాలి. అమ్మగారిని గట్టిగా ముక్కు చీదవద్దని చెప్పండి. చెప్పిన రోజుకు తప్పకుండా చూపించండి.