కుంగిన మనసుది రాతిగుండె కాదు

మొన్నటిదాకా ప్రతి సమావేశానికీ ముందే వచ్చి కుర్చీలు వేసిన మిత్రుడు ఉన్నట్టుండి కనిపించడు. ఫోన్ ఎత్తడు. ఫలానా ఊళ్లో మనవాళ్ల మీద దాడి జరిగిందని చెప్పినా 'ఊఁ' అని ఊరుకుంటాడు. 'వీడికి మన బాధలు పట్టడం లేదు' అని మనమే తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు చాలాసార్లు తప్పు.

ఎదుటివాళ్ల బాధను అందుకునే శక్తిని సహానుభూతి అంటున్నాం. ఇందులో రెండు పనులున్నాయి. మొదటిది, వాళ్ల నొప్పి మనలోనూ కదలడం. మెదడులో ఇన్సులా, యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగాలకు ఇందులో ముఖ్య పాత్ర ఉంది. రెండోది, వాళ్ల స్థానంలో నిలబడి ఆలోచించడం. దీనికి నుదుటి వెనకనున్న ప్రీఫ్రంటల్ భాగం బాగా పనిచేయాలి.

డిప్రెషన్‌లో తరచూ దెబ్బతినేది రెండోది. నిద్ర, ఏకాగ్రత, ఓపిక తగ్గి, ఆలోచన 'తప్పంతా నాదే' అంటూ ఒకేచోట గిరగిరా తిరుగుతుంది. ఇంకొకరి వైపు నుంచి చూసే ఓపిక మిగలదు. మొదటిది మాత్రం చాలామందిలో పోదు. ఒక్కోసారి పెరుగుతుంది కూడా. భయాన్నీ బాధనూ పసిగట్టే అమిగ్డలా విచారపు ముఖాలకు ఎక్కువగా స్పందిస్తుంది. దాన్ని అదుపు చేయాల్సిన ప్రీఫ్రంటల్ పట్టు సడలుతుంది. దాంతో ఎదుటివారి బాధ భరించలేని సొంత బాధగా మారుతుంది. మిత్రుడు తప్పుకున్నది పట్టక కాకపోవచ్చు, తట్టుకోలేక కావచ్చు.

ఇవన్నీ ఎంతోమందిని పరీక్షించి తేల్చిన సగటు లక్షణాలు. స్కాన్ తీసి ఫలానావారికి డిప్రెషన్ ఉందని చెప్పలేరు. ఇది శాశ్వత లోపం కూడా కాదు. చికిత్సతో కోలుకునేవారు ఎందరో.

మరి కులం సంగతి? 2003లో నవోమి ఐసెన్‌బర్గర్ బృందం ఒక ప్రయోగం చేసింది. కంప్యూటర్‌లో బంతాట ఆడిస్తూ, మధ్యలో ఒకరికి బంతి ఇవ్వడం మానేశారు. ఆ వ్యక్తి మెదడులో శరీరానికి నొప్పి కలిగినప్పుడు స్పందించే సింగ్యులేట్ భాగమే చురుగ్గా మారింది. ముక్కూమొహం తెలియనివాళ్లతో కాసేపు ఆడిన ఆటలోనే ఇంత జరిగితే, తరతరాల వెలి ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం హాస్టల్ నుంచి గెంటేసిన రోహిత్ వేముల, మరో నలుగురు విద్యార్థులు ఆరుబయట వేసుకున్న శిబిరానికి పెట్టుకున్న పేరు 'వెలివాడ'.

అందుకే 'డిప్రెషన్‌తో పోయాడు' అనే ఒక్క మాటతో సంస్థలు చేతులు దులుపుకోవడాన్ని ఒప్పుకోకూడదు. అలాగని 'వ్యవస్థ మారితే అన్నీ సర్దుకుంటాయి' అని చికిత్సను వాయిదా వేయకూడదు. న్యాయమూ కావాలి, వైద్యమూ కావాలి.

మన సంఘాల్లో చేయగలిగింది చాలా ఉంది. దాడులు జరిగిన చోటికి నిజనిర్ధారణకు ప్రతిసారీ ఒకరినే పంపకండి. వెళ్లొచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడండి. దూరమైన మిత్రుడిని నిలదీయకుండా 'జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, మేమున్నాం' అని మెసేజ్ పెట్టండి. దిగులు, నిరాసక్తత రెండు వారాలు దాటితే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. చనిపోవాలన్న మాట వినిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకండి, ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్, కులం పేరుతో వివక్ష లేకుండా ప్రభుత్వ వైద్యం పొందే హక్కు ఇచ్చింది. ఆ వైద్యం అడగడం బలహీనత కాదు. అదీ మన హక్కే.